గీత ఎవడు దాటిండు?

పంద్రాగస్టు వస్తోందంటే మా బడి గ్రౌండులో స్లో సైకిల్ పోటీ ఉండేది. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సర్కారు బడిలో చదువుకున్నవాళ్లకు దాని గురించి కొత్తగా చెప్పేదేముంది? సున్నంతో బారెడు వెడల్పున గీతలు. గీతల నడుమ ఒక్కొక్క పిలగాడు. సీటు మీద కూర్చుంటే కాళ్లందని నాన్న సైకిలు. విజిల్ ఊదగానే కదిలీ కదలనట్టు కదలాలి. అందరికంటే ఆఖర్న చేరినవాడే ఫస్టు. కాలు కింద పెడితే ఔట్. గీత దాటితే ఔట్.

ఏటా లొల్లి అయ్యేది ఆ రెండో రూలు దగ్గరే. పక్కవాడి హ్యాండిల్ తగిలేది. ఇద్దరూ కలిసి పడేవాళ్లు. మోచేతులు గీరుకుపోయేవి. ‘‘సార్, వీడు నన్ను నూకిండు!’’ అని ఒకడు... ‘‘నేను నూకలే సార్, వాడే మీదికొచ్చిండు!’’ అని ఇంకొకడు. పీఈటీ సారు ఇద్దరి మొహాలూ చూసేవాడు కాదు. వంగి నేల మీద టైరు అచ్చు చూసేవాడు.

‘‘ఎవడు నూకిండో నాకొద్దు. గీత ఎవడు దాటిండు?’’

నెమ్మదిగా తొక్కే పోటీలోనే ఇంత లొల్లి ఉంటే, గంటకు 70 కిలోమీటర్ల వేగంతో తొక్కే పోటీలో ఎంత ఉండాలి? హైదరాబాద్–విజయవాడ హైవే మీద సూర్యాపేట ఎక్స్‌ప్రెస్ బస్సు పోయే వేగం అది. ఒంటి మీద బనీనంత పల్చటి జెర్సీ, నెత్తిన హెల్మెట్, కింద రెండు వేళ్ల వెడల్పు కూడా లేని టైర్లు... అంతే. ప్రొఫెషనల్ సైకిల్ రేసుల్లో ఆఖరి రెండు మూడొందల మీటర్లు ఇలాగే ఉంటాయి. దాన్నే స్ప్రింట్ ఫినిష్ అంటారు.

మనకు దగ్గర్లో సైకిల్ స్ప్రింట్ కోసం కట్టిన మైదానం ఎక్కడుందంటే, 2002 జాతీయ క్రీడల కోసం ఉస్మానియా యూనివర్సిటీలో కట్టిన వెలోడ్రోమ్ పేరే చెప్పాలి. వెలోడ్రోమ్ అంటే గిన్నె అంచులా వాలుగా ఉండే ట్రాకు. అలాంటి ట్రాకుల మీద గీతలు గీసి ఉంటాయి. లోపలివైపు నల్ల గీత, దానికి కొంచెం పైన ఎర్ర గీత. చివరి 200 మీటర్లలో ముందున్నవాడు ఆ ఎర్ర గీత కింద తొక్కుతుంటే, వెనకవాడు లోపలి నుంచి దూరి దాటకూడదు. ముందున్నవాడు కూడా ఆ గీత వదిలి పైకి వచ్చి వెనకవాణ్ని అడ్డుకోకూడదు. అంటే మా సారు గీసిన సున్నపు గీతే అక్కడ రంగు పూసుకుని ఉందన్నమాట!

చిక్కంతా రోడ్డు రేసులతోనే. టూర్ డి ఫ్రాన్స్ లాంటి వాటిలో ఊరి నడివీధిలో ఫినిష్ ఉంటుంది. అక్కడ గీతలుండవు. మరి రూలేంటి? అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ నిబంధన సారాంశం ఇదీ... స్ప్రింట్ మొదలుపెట్టినప్పుడు ఏ దారి ఎంచుకున్నావో ఆ దారి వదిలి, పక్కవాడికి ప్రమాదమయ్యేలా జరగకూడదు. ఎవడి గీత వాడే మనసులో గీసుకోవాలి. దాన్ని వాడే దాటకుండా చూసుకోవాలి. దాటాడో లేదో తర్వాత రిఫరీలు వీడియో చూసి చెబుతారు.

గమనించారా... అందులో ‘తగలకూడదు’ అన్న మాట లేదు. సైకిల్ రేసు అంటే ఎవరి దారిన వాళ్లు పోవడమేనని మనం అనుకుంటాం. కానీ ఎదురుగాలిలో తొక్కేవాడు లారీ వెనకో, ట్రాక్టర్ వెనకో చేరితే ఎంత తేలికో మన పల్లెల్లో అందరికీ తెలుసు. రేసులోనూ అంతే. ముందువాడి వెనక దాక్కుంటే దాదాపు మూడో వంతు శ్రమ తప్పుతుంది. అందుకే ప్రతి జట్టూ తన స్ప్రింటర్ ముందు నలుగురైదుగురిని వరసగా నిలబెట్టి గాలిని చీలుస్తూ తీసుకొస్తుంది. ఆ వరసలో ఆఖరివాడి వెనక చోటు కోసమే కుమ్ములాట. భుజాలు రాసుకుంటాయి, మోచేతులు తగులుతాయి. అలవాటైనవాళ్లు భుజానికి భుజం ఆనించి పడిపోకుండా తొక్కేస్తారు కూడా. కబడ్డీలో కూతకు వచ్చినవాడి నడుం పట్టుకోవచ్చు, కాలు పట్టుకోవచ్చు. జుట్టో, బట్టలో పట్టుకుంటే మాత్రం ఫౌల్. ఆటంటే ముట్టుకోకపోవడం కాదు... ఎక్కడ, ఎలా ముట్టుకోవచ్చో తెలియడం. ఈ విషయం మన పిలగాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు.

మరి హద్దు మీరితే? 2010 టూర్ డి ఫ్రాన్స్ 11వ అంచెలో ఆస్ట్రేలియా సైకిలిస్టు మార్క్ రెన్‌షా తన పక్కకొచ్చిన న్యూజిలాండ్ ఆటగాడు జూలియన్ డీన్‌ను తలతో పొడిచాడు. ఒకసారి కాదు, మూడుసార్లు! ఆ తర్వాత పక్కకు జరిగి ఇంకొకరి దారికి అడ్డమొచ్చాడు. అదేరోజు రేసు నుంచి పంపేశారు. అది కళ్లకు కట్టినట్టు కనిపించే తప్పు. అలాంటివి తక్కువ.

కనిపించీ కనిపించని తప్పుల సంగతే కష్టం. 2017 జులై 4న ఫ్రాన్స్‌లోని విటెల్‌లో జరిగింది చూడండి. కుడిపక్క బారికేడ్ల అంచున మార్క్ కావెండిష్ దూసుకొస్తున్నాడు. ప్రపంచ చాంపియన్ పీటర్ సగాన్ కుడివైపు జరిగాడు. సగాన్ మోచేయి బయటికి లేచింది. కావెండిష్ బారికేడ్లకు కొట్టుకుని పడ్డాడు, భుజపుటెముక విరిగింది. రిఫరీలు సగాన్‌కు మొదట టైమ్, పాయింట్ల పెనాల్టీ వేశారు. గోల మొదలయ్యాక, ఆ సాయంత్రమే ఏకంగా టూర్ నుంచే సాగనంపారు. టీవీల్లో ఆ మోచేతిని ఎన్నిసార్లు తిప్పితిప్పి చూపించారో! నెమ్మదిగా చూసినవాళ్లకు ఇంకోటి కూడా కనిపించింది... కావెండిష్ ఒరిగిపోతుండగా ఆ మోచేయి లేచింది, మోచేయి లేచినందుకు అతను ఒరగలేదు. ఐదు నెలల తర్వాత, డిసెంబర్‌లో యూసీఐ ఆ వివాదాన్ని ముగిస్తూ అది కావాలని చేసింది కాదని, రేసులో జరిగిన దురదృష్టకర ఘటన అని ఒప్పుకుంది. టూర్ అయిపోయాక ఒప్పుకుంటే ఏం లాభం?

కావెండిష్ ఎముక విరగకపోతే? తూలి నిలదొక్కుకుని ఉంటే? సగాన్ మర్నాడు ఎప్పటిలాగే రేసుకు దిగేవాడు. సైకిలు జరిగింది అంతే దూరం, మోచేయి లేచింది అంతే ఎత్తు... శిక్ష మాత్రం వేరు. తీర్పు తప్పును బట్టి కాక, కారిన నెత్తుటిని బట్టి వచ్చిందనిపిస్తుంది. మా పీఈటీ సారు అలా చేసేవాడు కాదు. ఎవరి మోచేయి ఎంత గీరుకుపోయిందో ఆయనకు పట్టేది కాదు.

ఇక 2020 ఆగస్టు 5. పోలండ్‌లోని కటోవిట్సే నగరం. టూర్ ఆఫ్ పోలండ్ మొదటి రోజు. ఫినిష్ దగ్గర రోడ్డు పల్లానికి ఉంటుంది. స్ప్రింట్ ఫినిష్‌కు పల్లం రోడ్డు పెట్టడమే ప్రమాదమని సైకిలిస్టులు ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నారు. వేగం గంటకు 80 కిలోమీటర్లు దాటింది. ముందు డైలాన్ గ్రోనెవెగెన్, కుడిపక్క నుంచి దాటబోతున్నది ఫాబియో యాకబ్‌సన్. ఇద్దరూ నెదర్లాండ్స్ వాళ్లే. గ్రోనెవెగెన్ తన దారి వదిలి కుడికి జరిగాడు, జరుగుతూనే ఉన్నాడు. యాకబ్‌సన్‌కు చోటు అయిపోయింది. బారికేడ్ల మీదుగా ఎగిరి అవతల పడ్డాడు. బారికేడ్లు అతన్ని ఆపలేదు సరికదా, అట్టముక్కల్లా లేచిపోయాయి. అక్కడున్న ఒక రేసు అధికారి కూడా తీవ్రంగా గాయపడ్డాడు.

యాకబ్‌సన్‌కు అప్పుడు 23 ఏళ్లు. డాక్టర్లు మందులిచ్చి కోమాలో ఉంచారు. మొహానికి 130 కుట్లు పడ్డాయి. నోట్లో చాలా పళ్లు ఊడిపోయాయి. తుంటి నుంచి ఎముక తీసి దవడకు అతికారు. గ్రోనెవెగెన్‌కు తొమ్మిది నెలల నిషేధం పడింది. చంపేస్తామని బెదిరింపులు వస్తే ఇంటికి పోలీసు కాపలా పెట్టాల్సి వచ్చింది. అతను తప్పు చేశాడు, నిజమే. దారి వదిలాడని ఎవరి కంటికైనా తెలుస్తుంది. కానీ పల్లంలో ఫినిష్ పెట్టినవాళ్లకు, నిలబడని బారికేడ్లు కట్టినవాళ్లకు తొమ్మిది నెలల శిక్ష ఎవరు వేశారు? ఆ ఘటన తర్వాతే యూసీఐ భద్రత నిబంధనలకు పదును పెట్టింది.

యాకబ్‌సన్ ఎనిమిది నెలలకే మళ్లీ సైకిలెక్కాడు. 2021లో స్పెయిన్ రేసు వువెల్టాలో మూడు అంచెలు గెలిచి, పాయింట్ల జెర్సీ తొడుక్కున్నాడు. 2022 టూర్ డి ఫ్రాన్స్ డెన్మార్క్‌లో మొదలైంది. జులై 2న రెండో అంచె ఫాబియో యాకబ్‌సన్ గెలిచాడు. మర్నాడు మూడో అంచె... డైలాన్ గ్రోనెవెగెన్! ఆ రెండు రోజులూ కథ రాసేవాడెవడైనా రాసి ఉంటే ‘మరీ సినిమాలా ఉంది’ అని తిరగ్గొట్టేవాళ్లం.

2024 టూర్‌లో ఇంకో సంగతి జరిగింది. దిజోన్‌లో ముగిసిన ఆరో అంచెలో రెండో స్థానంలో వచ్చిన యాస్పర్ ఫిలిప్సెన్ తన దారి వదిలి వాట్ వాన్ ఆర్ట్‌ను బారికేడ్ల వైపు నెట్టుకుపోయాడు. ఎవరూ పడలేదు. ఎవరికీ చర్మం కూడా గీరుకుపోలేదు. అయినా ఫిలిప్సెన్‌ను గుంపులో చిట్టచివరికి దింపేశారు. నాకు నచ్చిన తీర్పు ఇది. చూసింది టైరు అచ్చునే. ఆ ఏడాది ఆగస్టులో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, 2025 నుంచి పూర్తిగా అమల్లోకి తెచ్చిన ఎల్లో కార్డుల పద్ధతి కూడా ఈ దారిలోదే. ఒకే రేసులో రెండు కార్డులైతే ఇంటికి పంపి, ఏడు రోజులు దూరం పెడతారు. నెలలో మూడైతే పద్నాలుగు రోజులు. ఎవరైనా పడేదాకా ఆగక్కర్లేదు.

మరి అంతా బాగైపోయిందా? 2025 టూర్ మూడో అంచెలో, ఫినిష్‌కు చాలా ముందు, మధ్యలో పాయింట్ల కోసం పెట్టే చిన్న స్ప్రింట్‌లో ఫ్రాన్స్ సైకిలిస్టు బ్రియాన్ కోకార్‌కు పక్కనున్న ఇంకొకరి భుజం తగిలింది. కోకార్ తూలాడు. తూలి ఫిలిప్సెన్ మీదికి వెళ్లాడు. అవును, ఆ ఫిలిప్సెన్ మీదికే. ఆకుపచ్చ జెర్సీలో ఉన్న ఫిలిప్సెన్ రోడ్డు మీద పడ్డాడు, మెడ పక్క ఎముక విరిగి టూర్ నుంచే వెళ్లిపోయాడు. కోకార్ కావాలని చేయలేదంటూ క్షమాపణ చెప్పుకున్నాడు. కార్డు మాత్రం అతనికే పడింది. దారి వదిలింది అతనే కాబట్టి.

ఆ వార్త చదివినప్పుడు నాకు ఏడో తరగతి గుర్తుకొచ్చింది. పోటీలో నా పక్కవాడు మోచేత్తో నూకాడు. పడలేదు కానీ, ముందు చక్రం సున్నం తొక్కింది. ‘‘సార్, వీడు నన్ను నూకిండు’’ అని నేనూ అన్నాను. సారు వంగి నా టైరు అచ్చు చూశాడు, చెయ్యి పైకెత్తాడు. ఔట్. ఆ ఏడాది ఫస్టు ప్రైజు స్టీలు టిఫిన్ డబ్బా. అది నూకినవాడే పట్టుకుపోయాడు.