వ్యూహకర్త రహీం – ఒక పరిశీలన

గొప్ప విజయం సిద్ధించినప్పుడు దానికి కారకులెవరన్న ప్రశ్న లోకంలో తప్పక తలెత్తుతుంది. విరాటపర్వంలో గోగ్రహణానంతరం రేగిన వివాదం ఇటువంటిదే. కౌరవసేనను తన కుమారుడు ఉత్తరుడు జయించాడని విరాటరాజు పొంగిపోయాడు. బృహన్నల సారథిగా ఉండగా విజయానికి కొదవేమున్నదని కంకుభట్టు పలికాడు. కోపం పట్టలేని రాజు పాచికతో ఆయనను కొట్టాడు. రథికుడిదా, సారథిదా గెలుపు అన్న ఆ వివాదం ఈనాటి క్రీడారంగంలోనూ వినిపిస్తుంది. ఫుట్‌బాల్ జట్టు గెలిస్తే ఆ కీర్తి మైదానంలో చెమటోడ్చిన పదకొండుమందిదా, గీత కవతల నిలబడి చూసిన శిక్షకునిదా?

హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం విషయంలో ఈ ప్రశ్నకు ప్రత్యేకమైన ప్రాధాన్యం ఉంది. 2024లో విడుదలైన ‘మైదాన్’ అనే హిందీ చలనచిత్రం వల్ల ఆయన పేరు నేటి తరానికి కొంత పరిచయమైంది. ఆయనను సాటిలేని వ్యూహమేధావిగా కీర్తించేవారు కొందరు. మంచి ఆటగాళ్లు దొరికిన అదృష్టవంతునిగా భావించేవారు మరికొందరు. ఈ రెండు అభిప్రాయాలలో సత్యమెంతో నిదానంగా పరిశీలించవలసి ఉంది.

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో విద్యాభ్యాసం చేశారు. వృత్తిరీత్యా పాఠశాల ఉపాధ్యాయులు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు శిక్షణ ఇచ్చే బాధ్యత స్వీకరించారు. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు అప్పట్లో బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను గెలుచుకొంది. ఆయన శిక్షణలో భారత జట్టు 1951 ఢిల్లీ ఆసియా క్రీడలలోను, 1962 జకార్తా ఆసియా క్రీడలలోను స్వర్ణపతకాలు సాధించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం పొందింది. శిష్యులూ అభిమానులూ ఆయనను ‘రహీం సాబ్’ అని గౌరవంగా పిలుచుకొనేవారు.

ఆయనను మేధావిగా అంగీకరించనివారి వాదాన్ని ముందుగా వినాలి. పూర్వపక్షాన్ని దాని బలంతో సహా చూపి, ఆ తరువాతనే సమాధానం చెప్పడం మన శాస్త్రకారుల సంప్రదాయం. వారి మొదటి ఆక్షేపణ అదృష్టానికి సంబంధించినది. మెల్‌బోర్న్ ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో ఆడిన జట్లు పదకొండే. మొదటి దశలో భారతదేశానికి ఎదురుపడవలసిన హంగరీ పోటీ నుండి తప్పుకొంది. ఆస్ట్రేలియాపై 4–2తో సాధించిన ఒక్క గెలుపుతో మన జట్టు సెమీఫైనల్‌కు చేరింది. ఆపైన యుగోస్లావియా చేతిలో 4–1తోను, కాంస్యపతకపు పోటీలో బల్గేరియా చేతిలో 3–0తోను ఓడింది. ఒక్క గెలుపుతో లభించిన స్థానాన్ని మేధస్సుకు నిదర్శనంగా చూపడం ఎంతవరకు సమంజసమని వారు అడుగుతారు.

రెండవ ఆక్షేపణ ఆటగాళ్లకు సంబంధించినది. పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి, తులసీదాస్ బలరాం వంటి ముగ్గురు ఫార్వర్డ్‌లు ఒకే కాలంలో లభించడం అరుదు. వారి వెనుక జర్నైల్ సింగ్ వంటి డిఫెండరు, పీటర్ తంగరాజ్ వంటి గోల్‌కీపరు ఉన్నారు. ఇంతటి జట్టును ఎవరు నడిపినా గెలిచేదే కదా అన్నది వారి వాదం. ఇక మూడవ ఆక్షేపణ మౌలికతను గురించినది. రహీం అనుసరించిన వ్యూహాలు హంగరీ నుండి గ్రహించినవి. ఎరువు తెచ్చుకొన్నవాడు మేధావి ఎలా అవుతాడని వారి ప్రశ్న.

ఈ మూడింటిలో ఏదీ తేలికగా త్రోసిపుచ్చదగినది కాదు. ఒక్కొక్కదానికి ఆధారాలతోనే సమాధానం వెతకాలి.

అదృష్టం సంగతి తేల్చడానికి ఒకే ప్రత్యర్థితో ఆడిన రెండు ఆటలను పోల్చి చూడవచ్చు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో రహీం శిక్షణలోని భారత జట్టు యుగోస్లావియా చేతిలో 10–1తో ఘోరంగా ఓడింది. ఆనాడు మన ఆటగాళ్లలో పలువురు వట్టికాళ్లతో ఆడారు. నాలుగేళ్ల తరువాత మెల్‌బోర్న్ సెమీఫైనల్‌లో అదే దేశం ఎదురైంది. ప్రథమార్ధంలో యుగోస్లావియాకు ఒక్క గోల్ కూడా దక్కలేదు. ద్వితీయార్ధం మొదలైన కొద్ది నిమిషాలకే నెవిల్ డిసౌజా గోల్ కొట్టి భారతదేశానికి ఆధిక్యం సంపాదించాడు. చివరకు ఓటమి తప్పలేదు. జట్లలో ఆటగాళ్లు మారిన మాట కూడా నిజమే. అయినా పది గోల్స్ సమర్పించుకొన్న జట్టు నాలుగేళ్లలో ఆ స్థితికి చేరడాన్ని కేవలం అదృష్టమనడం న్యాయం కాదు.

ఆ నాలుగేళ్లలో జరిగినదేమిటి? హెల్సింకీ పరాభవం తరువాత అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు ధరించి ఆడడాన్ని తప్పనిసరి చేసింది. అది బయటికి కనిపించే మార్పు. రహీం చేసిన మార్పు ఆలోచనకు సంబంధించినది. 1953 నవంబరులో హంగరీ జట్టు లండన్‌లోని వెంబ్లీ మైదానంలో ఇంగ్లండును 6–3తో ఓడించి ప్రపంచాన్ని ఆశ్చర్యపరచింది. హంగరీ సెంటర్ ఫార్వర్డ్ హిడెగ్కుటి ఎప్పటివలె గోల్ ముందు నిలబడక వెనుకకు జరిగి ఆడాడు. అతనిని వెంబడించాలో, స్థానం విడువకుండా ఉండాలో ఇంగ్లండు రక్షకులకు తోచలేదు. ఈ కిటుకులోని తత్త్వాన్ని రహీం గ్రహించి, తన జట్టుకు అనువుగా మలచుకొన్నారు. దేహబలంలో మన ఆటగాళ్లు ఐరోపావారికి సరితూగరు. ఒంటికి ఒళ్లు తాకే ఆటలో వారిదే పైచేయి. కనుక బంతిని కాలివద్ద ఎక్కువసేపు నిలుపుకోక, పొట్టి పాస్‌లతో వేగంగా చేతులు మారినట్లు కాళ్లు మార్చాలని, ఎదుటివారికి తెలియని చోటికి ఆటగాడు జరగాలని ఆయన నిర్ణయించారు.

మూడవ ఆక్షేపణకు సమాధానం ఇక్కడే లభిస్తుంది. వ్యాసభారతాన్ని తెలుగు చేసిన కవిత్రయాన్ని ఎరువు తెచ్చుకొన్నవారని ఎవరూ అనరు. కథ వ్యాసునిది. తెలుగు శ్రోతకు తగినట్లు దేనిని పెంచాలో, దేనిని కుదించాలో, దేనిని విడిచిపెట్టాలో తెలిసిన వివేకం వారిది. ఆలంకారికులు దీనినే ఔచిత్యమన్నారు. వ్యూహం హంగరీదే కావచ్చు. దానిని సికింద్రాబాదు కుర్రవానికి, కలకత్తా యువకునికి, పంజాబు జాటుకు సరిపడునట్లు దిద్దిన ఔచిత్యం రహీందే.

ఇక ఆటగాళ్ల మాట. బెనర్జీ, గోస్వామి హైదరాబాదుకు వెలుపల ఎదిగినవారు. వారి ప్రతిభనంతా రహీం ఖాతాలో వేయడం పొరపాటు. కానీ తన వద్దకు వచ్చిన వారి లోపాన్ని కనిపెట్టి, దానికి తగిన అభ్యాసాన్ని కల్పించడంలో ఆయనకు సాటివారు లేరు. కుడికాలి వాటం గలవారు ఎడమకాలితో మాత్రమే బంతిని తన్నాలన్న నియమంతో ఆయన హైదరాబాదులో పోటీలు నిర్వహించారు. బంతిని ఒకసారి మాత్రమే తాకి మరొకరికి అందించాలన్న నియమంతోనూ ఆడించారు. ఇవి వినోదాలుగా కనిపిస్తాయి. కానీ బలహీనమైన కాలు బలపడితే ఆటగాడు ఎటు తిరుగుతాడో ప్రత్యర్థి ఊహించలేడు. ఒక్క తాకుడుతో అందించడం అలవడితే బంతి రాకముందే ఆలోచించడం అలవడుతుంది. సికింద్రాబాదు సమీపంలోని అమ్ముగూడకు చెందిన బలరాం పేదరికం వల్ల శిక్షణకు రాలేని స్థితిలో ఉంటే, సైకిలు అద్దెకు డబ్బిచ్చి రప్పించినవారు రహీం. మంచి ఆటగాళ్లు ఆయనకు దొరికారన్నది సగం సత్యమే. దొరికేటట్లు ఆయన వెతికారన్నది మిగిలిన సగం.

ఈ గుణాలన్నీ ఒకచోట పరీక్షకు నిలిచినది జకార్తాలో. 1962 ఆసియా క్రీడల లీగ్ దశలో భారతదేశం దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓడింది. తరువాత థాయిలాండుపై, జపానుపై గెలిచి సెమీఫైనల్‌కు చేరింది. అప్పటికి జట్టుకు మూలస్తంభమైన జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. తలతో బంతులను అడ్డుకొనే రక్షకునికి అది పెద్ద ఆటంకం. సామాన్యుడైన శిక్షకుడు అతనిని పక్కన కూర్చోబెట్టి ఉండేవాడు. రహీం అతనిని సెంటర్ ఫార్వర్డుగా నిలిపారు. రక్షణ భారాన్ని అరుణ్ ఘోష్ మొదలైనవారికి అప్పగించారు. దక్షిణ వియత్నాంపై 3–2తో గెలిచిన సెమీఫైనల్‌లో జర్నైల్ ఒక గోల్ కొట్టాడు.

సెప్టెంబరు 4న జరిగిన ఫైనల్‌లో మళ్లీ దక్షిణ కొరియాయే ఎదురైంది. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులకు ఇండోనేషియా ప్రవేశం నిరాకరించడాన్ని భారతీయ క్రీడాధికారి ఒకరు విమర్శించినందున ప్రేక్షకులు మన జట్టుపై ఆగ్రహంతో ఉన్నారు. ఆ గేలి నడుమ మొదటి ఇరవై నిమిషాలలోనే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి గోల్స్ సాధించారు. ఆట ముగియవస్తుండగా కొరియా ఒక గోల్ చేయగలిగింది. భారతదేశం 2–1తో స్వర్ణం గెలిచింది. కొద్దిరోజుల క్రితం తమను ఓడించిన జట్టునే, గాయపడిన రక్షకుని చేత గోల్ కొట్టించి ఓడించడం ఆకస్మికం కాదు. ఆటగాళ్లు అంతకుముందున్నవారే, వారిని నిలిపిన చోటు మారింది. అదృష్టవాదానికి, ఆటగాళ్లవాదానికి ఈ ఒక్క ఘట్టమే సమాధానం.

అయితే స్తుతికి కూడా హద్దు ఉండాలి. 1958లో బ్రెజిల్ ప్రపంచకప్‌ను 4–2–4 వ్యూహంతో గెలుచుకొంది. ఆ వ్యూహాన్ని రహీం అంతకుముందే ఆడించారని అభిమానులు చెప్పుకొంటారు. అంతటితో ఆగక బ్రెజిల్‌కే ఆయన మార్గదర్శి అన్నట్లు పలకడం అతిశయోక్తి. హంగరీ చూపిన దారిలో అనేక దేశాల శిక్షకులు ఆ కాలంలో ఎవరికి వారు ముందుకు నడిచారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఆయన జట్టు ఫ్రాన్సుతో 1–1తో సమానంగా నిలిచినా, హంగరీ, పెరూల చేతిలో ఓడి తొలిదశలోనే వెనుదిరిగింది. ఆయన అజేయుడు కాడు. అజేయత్వాన్ని ఆపాదిస్తే ఆయన నిజమైన గొప్పతనమే మరుగున పడుతుంది.

కావ్యనిర్మాణానికి ప్రతిభ, వ్యుత్పత్తి, అభ్యాసం అనే మూడింటిని హేతువులుగా మన ఆలంకారికులు చెప్పారు. ఈ కొలబద్దతో చూస్తే రహీం స్థానం స్పష్టమవుతుంది. వెంబ్లీ ఆటలోని తత్త్వాన్ని గ్రహించడం వ్యుత్పత్తి. ఎడమకాలి పోటీలు నడపడం అభ్యాసం. జర్నైల్‌ను ముందువరుసకు పంపడం ప్రతిభ. మూడూ ఉన్నవాడు మేధావియే. అయితే ప్రతిభ మెరిసినది జకార్తాలో ఒక్క వారం; వ్యుత్పత్తి, అభ్యాసాలు దానికి వెనుక పన్నెండేళ్లు శ్రమించాయి. ఆయన మేధస్సు ప్రధానంగా ఉపాధ్యాయుని మేధస్సు.

ఈ భేదాన్ని గుర్తించడం ఎందుకు అవసరమంటే, మేధావి అన్న బిరుదులో ఒక ప్రమాదం పొంచి ఉంది. జకార్తా విజయం తరువాత తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, ఊపిరితిత్తుల క్యాన్సరుతో రహీం కన్నుమూశారు. 1962 తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారతదేశానికి స్వర్ణం లభించలేదు. 1960 తరువాత ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌కు మన పురుషుల జట్టు అర్హత సాధించలేదు. ఆయన మహామేధావి, అటువంటివాడు మళ్లీ పుట్టలేదు అని నిట్టూర్చి ఊరుకొంటే ఈ పతనానికి ఎవరూ బాధ్యులు కానక్కరలేదు. ఆయన ఒక పద్ధతిని నిర్మించిన ఉపాధ్యాయుడని ఒప్పుకొంటే మాత్రం, ఆ పద్ధతిని ఎందుకు నిలుపుకోలేకపోయామన్న ప్రశ్నకు జాతి సమాధానం చెప్పవలసి వస్తుంది. బిరుదు ఇవ్వడం సులభం. బాధ్యత తలకెత్తుకోవడం కష్టం.

కాబట్టి రహీం వ్యూహమేధావియా అన్న ప్రశ్నకు అవునన్నదే సమాధానం. కానీ ఆ మేధస్సు ఆయనతో సమాధి అయ్యేటటువంటిది కాదు. ఇతరుల నుండి నేర్చుకోవడం, మన బలహీనతను దాచక దానికే పోటీ పెట్టడం, ప్రతి ఒక్కరికీ తగిన చోటు వెతకడం ఎవరికైనా సాధ్యమైన పనులు. మరొక మేధావి పుట్టేవరకు ఎదురుచూడడం కంటే ఆ ఎడమకాలి పోటీలను మళ్లీ మొదలుపెట్టడం తేలిక.