ఆకలికి ఆత్మీయ వెలితని పేరు పెట్టకండి

గాజువాకలో మొన్న జరిగిన ఉజ్జీవ సభల్లో, పొరుగూరి నుంచి వచ్చిన ఒక దైవజనుడు సెలవిచ్చాడు: విశాఖ ఉక్కు ఫ్యాక్టరీ గురించి బెంగపడేవాళ్ల గుండెల్లో దేవుడు లేడట. ఆ వెలితే వాళ్లను రోడ్డెక్కిస్తోందట. దేవుడితో తృప్తిపడ్డవాడికి గేటు పాసుతో పనేమిటని కూడా అడిగాడు. జనం ఆమేన్ అన్నారు. గేటు పాసు పోగొట్టుకున్న కాంట్రాక్టు కార్మికులూ ఆ జనంలో ఉన్నారు. వాళ్లూ ఆమేన్ అన్నారు. నాకు ఒళ్లు మండింది అక్కడే.

ఇది ఆయనొక్కడి మాటే అయితే వదిలేద్దును. ఈమధ్య ఏ సభకెళ్లినా ఇదే వరస. జీతం ముక్కలుముక్కలుగా వచ్చినా, పని ఊడినా, ఉక్కు నిర్వాసితులకిచ్చిన ఆర్ కార్డు పట్టుకుని తండ్రి తర్వాత కొడుకు ఎదురుచూస్తున్నా, అన్నిటికీ ఆత్మీయ వెలితే కారణం! జ్వరానికీ కాలు విరిగినదానికీ ఒకే మాత్ర ఇచ్చే ఆర్.ఎం.పి. నయం, చెయ్యి పట్టుకుని నాడైనా చూస్తాడు.

ఈ ప్రసంగీకుల చేతుల్లో నలిగేది ఎప్పుడూ పౌలే. ఏ స్థితిలోనైనా తృప్తిగా ఉండడం నేర్చుకున్నానని ఫిలిప్పీ సంఘానికి ఆయన రాసిన ముక్కొక్కటి కోసుకొచ్చి మన నోటికి అడ్డం పెడతారు. ఆ నాలుగో అధ్యాయం మొత్తం చదవండి. ఎపఫ్రొదితు చేత అందిన సాయానికి, చెరలో ఉన్న మనిషి చెప్పుకున్న కృతజ్ఞత అది. నా ఇబ్బందిలో పాలుపంచుకుని మంచి పని చేశారంటాడు. నీలో వెలితి ఉంది కాబట్టే చెరలో పడ్డావని ఫిలిప్పీవాళ్లు ఆయనకు వర్తమానం చెప్పలేదు. పంపాల్సింది పంపారు.

అదే ఫిలిప్పీలో అంతకుముందు జరిగిన సంగతి మరీ ముఖ్యం. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం తియ్యండి. విచారణ లేకుండా బెత్తాలతో కొట్టించి, చెరలో వేయించి, తెల్లారాక గుట్టుగా వెళ్లిపొమ్మని అధికారులు కబురంపితే పౌలు కదల్లేదు. మేం రోమా పౌరులం, వాళ్లే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకెళ్లాలన్నాడు. వాళ్లు భయపడి, వచ్చి బతిమాలుకున్నారు. అర్ధరాత్రి చెరలో కీర్తనలు పాడినవాడే పొద్దున హక్కు అడిగాడు. పాట గురించి గంటసేపు చెబుతారు, ఆ పొద్దుటి సంగతి మాత్రం ఎత్తరు. బిగబట్టిన కూలి మొరపెడితే దేవుని చెవిన పడుతుందన్న యాకోబు పత్రిక సరేసరి. తిమోతికి రాసిన మొదటి పత్రికలోనూ, దైవభక్తిని రాబడిగా చూసేవాళ్లను దులిపాకే పౌలు సంతుష్టి మాట ఎత్తాడు. ఆ పై వచనం వీళ్లెందుకు చదవరో నేను చెప్పాలా?

ఇంకోటి. విశాఖ ఆత్మీయంగా ఖాళీ ఊరట, ఈ సభలవాళ్లు వచ్చి నింపుతున్నారట! లండన్ మిషనరీలు క్రాన్, డెస్ గ్రాంజెస్ 1805లోనే ఇక్కడ దిగారు. 1810 నాటికి ఇద్దరూ కన్నుమూశారు. ఆనందరాయరు అనే ఆయన తోడుతో వాళ్లు తెలుగులోకి తెచ్చిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో సేరంపూరులో అచ్చయ్యాయి. తమ పని అచ్చులో చూసుకోనైనా లేదు వాళ్లు. ఎల్ఈడీ తెరల మీద తమ మొహం తాము చూసుకునేవాళ్లకు ఈ చరిత్ర అక్కర్లేదు.

ఇక ఆ బెంగ సంగతి. ఉక్కు ఫ్యాక్టరీ కావాలని సాగిన ఉద్యమంలో 1966లో 32 మంది ప్రాణాలు పోయాయి. 2021 జనవరిలో కేంద్రం దాని అమ్మకానికి నిర్ణయించాక కూర్మన్నపాలెంలో నిరసన శిబిరం వెలిసింది. ఆదివారం చర్చికీ, సోమవారం ఆ శిబిరానికీ వెళ్లినవాళ్లు నాకు తెలుసు. వాళ్లలో దేవుడు లేడని చెప్పడానికి నువ్వెవరివి?

వెలితే లేదనను. పి.ఎఫ్. డబ్బుతో ఫ్లాటు కొని, పిల్లల్ని అమెరికా పంపి, సాయంత్రాలు ఏమీ తోచక బీచ్ రోడ్డులో తిరిగే పెద్దమనిషిలో ఉంది. దాన్ని దేవుడొక్కడే నింపగలడు, నా విశ్వాసమూ అదే. ఆ మాట ఆయన మొహం మీద చెప్పరేం? కానుకల సంచికి బరువు ఆయనదే కదా.

మరి తృప్తి గురించి ఏం చెప్పమంటావంటే, వరసగా చెప్పేంత వేదాంతం నా దగ్గర లేదు. దేవునిలో తృప్తి దొరికినవాడికి భయం తగ్గుతుంది, భయం తగ్గినవాడు తలెత్తి కూలి అడుగుతాడు. నాకు తెలిసింది ఇంతే. ఈసారి సభలు పెడితే, మొదటి రోజు కానుకలు పని పోయినవాళ్ల ఇళ్లకు బియ్యంగా వెళ్తాయని కరపత్రంలోనే వేయించండి. ఆ తర్వాత మీ తృప్తి వర్తమానం ఎంతసేపు చెప్పినా కూర్చుని వింటాను.