దేవదాసుకి పెళ్ళయి ఉంటే?

ఈ వారం ఓ చిక్కు ప్రశ్నతో మొదలుపెడతాను. దేవదాసుకి పెళ్ళయి ఉంటే ఏమయ్యేది?

నవ్వెయ్యకండి. కాస్త ఆలోచించి చెప్పండి. 1953లో వినోదావారి 'దేవదాసు' వచ్చినప్పటి నుంచీ తెలుగువాళ్ళం ఆ మనిషి కోసం ఏడుస్తూనే ఉన్నాం. చేతిలో గ్లాసు, పక్కన కుక్క, కళ్ళ నిండా మగత! ఆ మగత కోసం అక్కినేని చుక్క కూడా ముట్టలేదనీ, రాత్రిపూట పెరుగన్నం తిని, నిద్రకి తూగుతూ కెమెరా ముందు నిలబడేవారనీ చిత్రసీమలో పాత కబురే. అంత గొప్పగా చేశారు గనకనే ఒక సంగతి మనకి తట్టలేదు. దేవదాసు జమీందారు బిడ్డ. పెళ్ళాం లేదు, పిల్లలు లేరు. పొద్దున్నే బియ్యానికి డబ్బులడిగే మనిషి లేదు. ఆయన తాగుడు ఆయన ఒక్కడి ఒంటికే చేటు. అంచేత అది మనకి ప్రేమకథ అయింది.

అదే దేవదాసుకి ఓ ఇల్లాలూ, బడికెళ్ళే ఇద్దరు పిల్లలూ ఉన్నారనుకోండి. కథ తిరగబడిపోదూ? పార్వతి గుమ్మం ముందు ప్రాణాలు వదలడానికి ఆయన బండెక్కితే, నేలక్లాసులోంచి ఎవరో ఒకరు "ముందు మీ ఇంటికెళ్ళవయ్యా!" అని అరిచేవాళ్ళు.

తెర మీద తాగుబోతు ఇంకో వేషంలో కూడా వస్తాడు. హాస్యగాడి వేషంలో. 1997లో 'మా నాన్నకి పెళ్ళి'లో ఎం.ఎస్. నారాయణగారు తూలుకుంటూ వచ్చి హాలంతా నవ్వించారు. ఆ తర్వాత ఎన్ని సినిమాల్లో ఆయన చేత అదే వేషం వేయించారో లెక్కలేదు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆయన మాట విరుపుకి నవ్వకుండా ఉండటం ఎవరి తరమూ కాదు. కానీ ఒకటి గమనించారా? మన సినిమాలో తాగేవాడికి రెండు కుర్చీలున్నాయి. ఒకటి ఏడిపించేది, ఒకటి నవ్వించేది. ఇంట్లో ఉన్న ఆడమనిషికి మాత్రం ముక్కాలిపీట కూడా లేదు. తలుపు తీసి కన్నీళ్ళు తుడుచుకోవడం, అంతే. అర నిమిషం షాటు!

మొదట్లో ఇలా లేదండోయ్. 1938లో వచ్చిన 'గృహలక్ష్మి'లో నాగయ్యగారు కల్లు మానమని పాట పాడి మరీ చెప్పారు. ఆ సినిమా పేరులోనే ఇల్లాలుంది చూడండి.

* * *

ఈ ప్రశ్న నాకు ఏ ప్రివ్యూ థియేటర్లోనో పుట్టలేదు. కోనసీమలో, మురమళ్ళలో పుట్టింది.

లొకేషన్ల కబుర్ల కోసం కోనసీమ వెళ్ళేవాళ్ళకి మురమళ్ళ తెలిసిన ఊరే. గోదావరి ఒడ్డున భద్రకాళీ సమేత వీరేశ్వరస్వామి గుడి. అక్కడ స్వామికి ఏడాదికోసారి కాదు, రోజూ కల్యాణమే. నిత్యకల్యాణం! పెళ్ళి కుదరని అమ్మాయిలూ, అబ్బాయిలూ, వాళ్ళ అమ్మానాన్నలూ ఎక్కడెక్కడి నుంచో వచ్చి కల్యాణం చేయించుకుని వెళుతుంటారు. తిరిగి వెళ్ళేటప్పుడు వాళ్ళ మొహాల్లో ఉండే ఆశ చూడాలి.

గుడి బయట ఓ పెద్దావిడతో మాట కలిసింది. ఈ చుట్టుపక్కల ఊరేనట. మనవరాలి సంబంధం కోసం వచ్చానంది. "అబ్బాయి ఏం చేస్తాడో ఎవరైనా చెబుతారండి. సాయంత్రం ఏడు దాటాక ఏం చేస్తాడో ఎవరూ చెప్పరండి. మా అమ్మాయప్పుడు అదే జరిగిందండి. పెళ్ళయితే మారతాడన్నారు. ఆయ్... పెళ్ళయింది. అబ్బాయి మారలేదండి, అమ్మాయి మారిపోయింది."

ఆవిడ ఏడవలేదు. కొబ్బరిచిప్ప సంచిలో వేసుకుంటూ, బజారు ధర చెప్పినట్టు చెప్పింది. డైలాగు రచయితలు నెలరోజులు కూర్చున్నా రాయలేని మాట అది!

పెళ్ళి చేస్తే దారికొస్తాడన్న నమ్మకం మన పల్లెల్లో ఎంత గట్టిదో మీకు తెలుసు. ఆ నమ్మకానికి మురమళ్ళ స్థలపురాణాన్ని కూడా సాక్ష్యం తెస్తారు కొందరు. దక్షయజ్ఞం ధ్వంసమయ్యాక కూడా వీరభద్రుడి ఉగ్రం చల్లారలేదట. అప్పుడు భద్రకాళి కన్యరూపంలో వస్తే, ఆవిణ్ణి చూసి శాంతించాడట. ఇద్దరికీ గాంధర్వ పద్ధతిలో పెళ్ళి చేశారట. "చూశారా, ఆడది వస్తే మగాడు చల్లబడతాడు" అంటారు. మరి మిగతా కథ ఎవరు చెబుతారు? ఉగ్రం తగ్గలేదని దేవతలూ మునులూ అందరూ కలిసి కూర్చున్నారు. అందరూ కలిసి ప్రార్థించారు. పెళ్ళికీ వాళ్ళే పెద్దలు. భద్రకాళి అంతటి తల్లిని కూడా ఒంటరిగా వదిలెయ్యలేదు. మన అమ్మాయినే ఎందుకు వదిలేస్తున్నాం?

* * *

మురమళ్ళ నుంచి ఎదుర్లంక మీదుగా వారధి దాటితే యానాం. బాలయోగిగారి పేరు పెట్టిన వంతెన అది. వంతెన రాకముందు పంటు మీద దాటేవారు. యానాం పుదుచ్చేరి కిందికి వస్తుంది. అక్కడి పన్నులు వేరు, సీసా ధరలు వేరు. మన రాష్ట్రంలో 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం వచ్చినప్పుడు కూడా ఏటికి అవతల దుకాణాలు తెరిచే ఉన్నాయి. నిషేధం ఏటి మధ్యదాకానే!

మద్యం మీద మనవాళ్ళు పడ్డ తిప్పలు చిన్నవి కావు. 1954లో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం ఈ మద్యనిషేధం గొడవలోనే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారాకొట్టు మూయించారు. రోశమ్మ పేరు రాష్ట్రమంతా మారుమోగింది. 1993 అక్టోబరులో సారా పోయింది. 1995లో అన్నీ పోయాయి. 1997లో సారా తప్ప మిగతావి మళ్ళీ వచ్చాయి. ప్రభుత్వాలు మారతాయి, విధానాలు మారతాయి, సీసా మీద కాగితం మారుతుంది.

కానీ దూబగుంటలో మొదట జరిగింది కొట్టు మూయించడం కాదు. రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటూ ఆడవాళ్ళు ఒకచోట కూర్చోవడం. వాచకంలో సీతమ్మ కథ చదివారు. ఒకావిడ "ఇది మా ఇంటి కథే" అనుకుంటే, పక్కావిడ "మాదీ ఇదే" అనుకుంది. అదీ అసలు మలుపు. అంతవరకు ప్రతి ఆడదీ ఈ కష్టం తన ఒక్కదానికే వచ్చిందనుకుంది, అది తన తప్పే అనుకుంది.

తాగుడున్న ఇంట్లో ఏం జరుగుతుందో కాస్త లోపలికెళ్ళి చూడండి. ఆయన పనికి వెళ్ళకపోతే "జ్వరం" అని ఈవిడ కబురు పెడుతుంది. కొట్టు బాకీ ఈవిడ తీరుస్తుంది. సీసా దొరికితే పారబోస్తుంది, లేకపోతే దాస్తుంది. పిల్లల తల మీద ఒట్టు వేయించుకుంటుంది. చుట్టాల పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేస్తుంది. పెద్దకూతురు పదేళ్ళకే పెద్దమనిషైపోతుంది. రాత్రి గేటు చప్పుడుని బట్టి నాన్న ఏ పాటిగా ఉన్నాడో చెప్పేస్తుంది. తాగేది ఒక్కడు, జబ్బు నలుగురికి. ఇదంతా పరువు కోసం దాచడమే. దాచినకొద్దీ ఆయనకి తాగడం సులువవుతుంది, ఈవిడకి బతకడం కష్టమవుతుంది.

ఇంకో మాట. "మీకు తెలియకుండానే మాన్పిస్తాం" అంటూ అన్నంలో కలపమని పొడులు అమ్మేవాళ్ళున్నారు. ఆ పని చెయ్యకండి. అందులో ఏముందో తెలియదు. మందు పడ్డాక పైన తాగితే ప్రాణం మీదికి రావచ్చు.

* * *

మన పల్లెల్లో తాగుడు నిజంగా ఆగిపోయే రోజులు కొన్ని ఉన్నాయి. ఆలోచించండి, మీకే తడుతుంది. అవును, అయ్యప్ప మాల!

మాల వేసుకున్న నలభై ఒక్క రోజులూ చుక్క ముట్టని మగాళ్ళు ఊరికి ఎంతమంది! నిన్నటిదాకా "ఒరేయ్" అన్నవాళ్ళే "స్వామీ" అంటారు. తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానానికి పదిమంది తోడు. సాయంత్రం భజనకి పదిమంది తోడు. అంటే ఏడు దాటాక ఏం చెయ్యాలో తెలియని గంట ఒక్కటి కూడా లేదు! ఊరంతా గౌరవంగా చూస్తుంది, ఊరంతా కనిపెట్టి చూస్తుంది. ఇల్లాలు ఏడాదిలో కంటినిండా నిద్రపోయేది ఆ నలభై రోజులే.

మాల తీశాక? నలభై రెండో రోజు "స్వామీ" అనేవాడు లేడు. పాత స్నేహితులు మాత్రం సిద్ధంగా ఉంటారు. భక్తి తగ్గిందని మనం అతణ్ణి తిడతాం. ఆపింది భక్తి ఒక్కటే కాదండీ, చుట్టూ ఉన్న మనుషులు కూడా. మనుషులు వెళ్ళిపోతే ఏం మిగులుతుంది?

(రోజూ బాగా తాగేవాళ్ళు మాల కోసమైనా సరే, ఒక్కసారిగా మానేసే ముందు డాక్టరుకి చూపించుకోవాలి. రెండు మూడు రోజుల్లో వణుకు, లేనివి కనబడటం, మూర్ఛ రావచ్చు. అది దేవుడి ఆగ్రహం కాదు, ఒంటి బాధ. దానికి మందులున్నాయి.)

ఈ చుట్టూ ఉన్న మనుషుల సంగతి కనిపెట్టినవాళ్ళు ఇతర చోట్ల కూడా ఉన్నారు. అమెరికాలో 1935లో ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు తోడై మొదలుపెట్టిందే ఆల్కహాలిక్స్ అనానిమస్. వాళ్ళలో ఒకాయన భార్య లోయిస్. భర్తలు లోపల సమావేశమవుతుంటే భార్యలూ తమ కష్టసుఖాలు చెప్పుకోవడం మొదలుపెట్టారు. అదే 1951లో అల్-అనాన్ అయింది. అక్కడ భర్తని ఎలా మాన్పించాలో చెప్పరు. నువ్వెలా బతకాలో ఒకరినొకరు చూసి నేర్చుకుంటారు.

అంతదూరం ఎందుకు, మన తెలుగు సినిమా పెరిగిన మద్రాసులోనే శాంతి రంగనాథన్‌గారున్నారు. టి.టి.కె. కుటుంబపు కోడలు. భర్త తాగుడువల్ల చిన్న వయసులోనే పోతే, 1980లో ఆయన పేరునే చికిత్సాలయం పెట్టారు. 1992లో పద్మశ్రీ వచ్చింది. అక్కడ రోగితోపాటు ఇంట్లోవాళ్ళూ వచ్చి కూర్చోవాలి. ఆ సంస్థవాళ్ళు కావేరి డెల్టాలో మంజక్కుడి అనే పల్లెకే వెళ్ళి శిబిరాలు పెట్టారు. పదిహేను రోజులపాటు ఊళ్ళోనే వైద్యం. చోటు చూపించడం, సాయం చెయ్యడం ఊరివాళ్ళ వంతు. నయమైనవాడు మళ్ళీ అదే వీధిలో తిరగాలి కదా! అంచేత వీధి కూడా నేర్చుకోవాలి.

కావేరి డెల్టాలో అయింది గోదావరి డెల్టాలో కాదా?

* * *

ఢిల్లీ ఎయిమ్స్‌వారు కేంద్ర ప్రభుత్వం కోసం దేశమంతా చేసిన సర్వే నివేదిక 2019లో వచ్చింది. తాగుడు సమస్యగా మారినవాళ్ళు 5.7 కోట్లని తేలింది. తాగుడుకి బానిసైనవాళ్ళలో 38 మందికి ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోందట. మిగిలిన 37 మంది ఇళ్ళలో వైద్యం ఎవరు చేస్తున్నారు? కొబ్బరిచిప్ప సంచిలో వేసుకునే తల్లులూ, గేటు చప్పుడు వినే కూతుళ్ళూ!

మురమళ్ళలాంటి ఊరికి కొత్తగా భవనం కట్టక్కర్లేదు. డ్వాక్రా సంఘాలున్నాయి. అప్పు వాయిదాల లెక్క అయ్యాక ఓ అరగంట "మీ ఇంట్లో ఎలా ఉంది?" అన్న మాటకి కేటాయిస్తే చాలు. సారా ఉద్యమం తర్వాతే నెల్లూరులో పొదుపులక్ష్మి సంఘాలు పెరిగాయి. అంటే ఆ సంఘాల పుట్టుకలోనే ఈ మాట ఉంది. అర్ధరాత్రి తలుపు తడితే పిల్లల్ని పడుకోబెట్టే ఇల్లు వీధికొకటి ఉంటే చాలు. ఏ కారణమూ అడక్కూడదు, మర్నాడు చాటకూడదు. మాల తీసినవాడి కోసం సాయంత్రం ఏడింటికి వచ్చి కూర్చునే గురుస్వామి ఒక్కడుంటే చాలు. వైద్యానికి కాకినాడ ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. 14446కి ఫోను చేస్తే వ్యసనాల గురించి, 14416కి చేస్తే మనసు బాధ గురించి ఉచితంగా మాట్లాడతారు. తాగేవాడే చెయ్యక్కర్లేదు, ఇంట్లోవాళ్ళు చెయ్యొచ్చు.

దేవదాసు కోసం ఏడ్చిన పార్వతి, మన సావిత్రి, అదే అలవాటుకి చిక్కి, నెలల తరబడి స్పృహ లేకుండా ఉండి 1981 డిసెంబరు 26న వెళ్ళిపోయింది. 2018లో 'మహానటి' చూసి హాళ్ళన్నీ ఏడ్చాయి. ఏడవడం మనకి బాగా వచ్చు. నవ్వడం అంతకన్నా బాగా వచ్చు. పక్కన కూర్చోవడమే ఇంకా నేర్చుకోవాలి.

మన దర్శకులకో మనవి. దేవదాసు కథ చాలాసార్లు తీశారు. ఈసారి కెమెరాని గుమ్మం లోపల పెట్టండి. గేటు చప్పుడు వినిపించాలి, పదేళ్ళ పిల్ల తల ఎత్తాలి. ఆ తర్వాత పక్కింటి తలుపు తెరుచుకోవాలి. తెరుచుకుంటే అది హిట్టు సినిమా. తెరుచుకోకపోతే మళ్ళీ పాత కథే.