చదవని పంతులు చదువు చెప్పలేడు

ఎమ్మే చదివేటోడు నడుమ బంద్ చేసి చిన్నబడి పంతులు ట్రైనింగుకు పోతే మన ఊర్లల్ల ఏమంటరు? పైకి ఎక్కాల్సినోడు కిందికి దిగిండు అంటరు. పెన్‌పహాడ్ మండలంలో నా గురించి అన్నది గూడ ఈ మాటే. యూనివర్సిటీ పై మెట్టు, ఒకటో తరగతి కింది మెట్టు. ప్రొఫెసర్ పెద్దోడు, చిన్నబడి పంతులు చిన్నోడు. ఈ లెక్క ఎవరు కట్టిండ్రో గానీ అందరి బుర్రలల్ల గట్టిగ నాటుకున్నది. ఈ లెక్క తలకిందుల లెక్క. చదువుకు పునాది పడేది ఒకటో తరగతిలో. ఆ పునాది వేసేటోనికే పుస్తకంతోని అందరికంటే ఎక్కువ సోపతి ఉండాలె. ఇయ్యాల పంతులును తయారుచేసే పద్ధతిలో మాత్రం ఆ సోపతికి జాగనే లేదు.

అసలు డిగ్రీలు, పీజీలు చదివినోళ్లు ఈ బాట ఎందుకు పడుతున్నరో ముందు చూద్దాం. 2018లో ఎన్‌సీటీఈ ఒక నోటిఫికేషన్ ఇచ్చి, బీఎడ్ చేసినోళ్లు గూడ ఒకటి నుంచి ఐదు తరగతులకు చెప్పొచ్చు అన్నది. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు అది చెల్లదని తీర్పు చెప్పింది. చిన్నపిల్లలకు చదువు చెప్పే విద్య వేరు, దానికి తగిన శిక్షణ వేరు అన్నది తీర్పు సారం. అంటే ఎస్జీటీ కావాలంటే ఎన్ని డిగ్రీలున్నా రెండేండ్ల డీఎడ్ చెయ్యాల్సిందే. ఇప్పుడు దాన్నే డీఎల్‌ఎడ్ అంటున్నరు. ఇంటర్ పాసై డీసెట్ రాసి వచ్చే కోర్సు అది.

ఈ తీర్పుతోని బీఎడ్ చేసినోళ్ల బతుకులు ఆగమైనయి. ఆ బాధను తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. కానీ తీర్పులో ఉన్న ఒక మాటను మనం పట్టుకోవాలె. చిన్నబడి పంతులు పని చిన్న పని కాదు, అది వేరే నేర్పు అని దేశంలోనే పెద్ద కోర్టు చెప్పింది. మరి ఆ నేర్పు ఏంది? ఆరేండ్ల పోరనికి అక్షరం మీద ఆశ పుట్టించుడు. ఆ ఆశ తనలో లేనోడు పోరనిలో ఎట్ల పుట్టిస్తడు?

యూనివర్సిటీలో నేను చూసిందేందో చెప్త. పేరు అక్కరలేదు, ఏ యూనివర్సిటీకి పోయినా కొంచెం అటిటుగ ఇదే కథ. చరిత్ర ఎమ్మే అంటే పుస్తకాలు చదువుడని అందరనుకుంటరు. అక్కడ నడిచేది మెటీరియల్. సీనియర్ రాసిన నోట్సు జిరాక్సు, దానికి మళ్ల జిరాక్సు. యూనిట్‌కు రెండు ముఖ్యమైన ప్రశ్నలు, అవే మళ్లమళ్ల వస్తయి, అవే మళ్లమళ్ల రాస్తం. లైబ్రరీ రీడింగ్ హాల్ పొద్దుగాల ఆరింటికే నిండిపోతది. కూసున్నోళ్ల ముందట ఉండేవి ఇంటి నుంచి తెచ్చుకున్న గ్రూప్స్, ఎస్సై, డీఎస్సీ గైడ్లు. రాక్‌లల్ల ఉన్న వేల పుస్తకాలకు దుమ్మే పాఠకుడు. చదవకుంటనే ఎమ్మే పాసు కావొచ్చు. నిజం చెప్పాలంటే చదివితేనే టైము దండుగ.

ఇది పిల్లల తప్పు కాదు. కొలువు దొరుకుతదో లేదో తెల్వనోనికి నవల చదివే తీరిక ఎక్కడిది? లెక్క చూడుండ్రి. ఉమ్మడి రాష్ట్రంలో ఆఖరి డీఎస్సీ 2012లో. 2014 జూన్ 2న తెలంగాణ వచ్చినంక మొదటి టీఆర్టీ నోటిఫికేషన్ 2017లో, 8,792 పోస్టులకు. ఆ తర్వాత ఆరేండ్లు సప్పుడు లేదు. 2023 సెప్టెంబర్‌లో 5,089 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చిండ్రు, పరీక్ష పెట్టలే. దాన్ని రద్దుచేసి 2024 ఫిబ్రవరిలో 11,062 పోస్టులకు కొత్తది ఇచ్చిండ్రు. ఆ ఏడాది అక్టోబర్‌లో నియామక పత్రాలు అందినయి. నీళ్లు, నిధులు, నియామకాలు అని కొట్లాడి తెచ్చుకున్న రాష్ట్రంలో మొదటి పదేండ్లల్ల సర్కారు బడి పంతుళ్ల కోసం రెండే నోటిఫికేషన్లు చివరిదాక నడిచినయి. ఇరవై రెండేండ్లకు ట్రైనింగ్ అయినోడు ముప్పై దాక గైడ్ పట్టుకొని కూసుంటే చదువు మీద ప్రేమ మిగులుతదా?

పరీక్ష గూడ అట్లనే ఉన్నది. టెట్ 150 మార్కులు. డీఎస్సీకి 80, టెట్ వెయిటేజీ 20. అన్నీ బిట్లే. పియాజే చెప్పిన దశలు ఎన్ని, వైగాట్‌స్కీ ఏమన్నడు, సంధి ఏది, సమాసం ఏది. ఇవన్నీ తెల్వాల్సినవే, కాదనను. కానీ జీవితంలో ఒక్క పుస్తకం గూడ మొదటి నుంచి చివరిదాక చదవకుంటనే ఈ పరీక్షల ఫస్టు ర్యాంకు కొట్టొచ్చు. అట్ల ర్యాంకు కొట్టినోని చేతికే మన ఊరి పిల్లల మొదటి పుస్తకం ఇస్తున్నం.

మరి ట్రైనింగుకు పోయినంక నాకు చదువు మళ్ల ఎట్ల దొరికింది? కాలేజీ గదిలో దొరకలే. టీచింగ్ ప్రాక్టీసుకు పంపిన బడిలో దొరికింది. మూడో తరగతిలో తండా నుంచి వచ్చే ఒక పిల్ల ఉండేది. వాచకం ఇస్తే అక్షరం మీద వేలు పెట్టి, ఒత్తు తప్పకుండ, గుణింతం తప్పకుండ పేజీ మొత్తం చదివేది. ఏమున్నదమ్మా ఇందుల అని అడిగితే నా మొఖం చూసేది. ఇంట్ల లంబాడీ మాట్లాడే పిల్లకు తెలుగు రెండో భాష. 2022-23 నుంచి సర్కారు బడులల్ల ఇంగ్లీషు మీడియం పెట్టి ఒక దిక్కు తెలుగు, ఒక దిక్కు ఇంగ్లీషు అచ్చేసిన పుస్తకాలు ఇస్తున్నరు. ఆ పుస్తకంలో ఆ పిల్ల ఇంటి భాష ఏ దిక్కుకూ లేదు. ఆమె చదువుతున్నది సప్పుడు, అర్థం కాదు. ఎమ్మేలో మేం చేసింది గూడ అదే కదా. ఆమెది వాచకం, మాది జిరాక్సు, అంతే తేడా.

బడిలో ఒక పెట్టె నిండ కథల పుస్తకాలున్నయి. పెట్టెకు తాళమున్నది. ఎందుకంటే అవి స్టాకు రిజిస్టర్‌లో ఎక్కినయి. ఒక్కటి పోతే లెక్క చెప్పాల్సింది హెడ్మాస్టరు. చినిగిన పుస్తకానికి సంజాయిషీ రాసుకునే కంటే తాళం వేసుకునుడే నయమని ఏ సారైనా అనుకుంటడు. బతిమిలాడి తాళం తీయించిన. రోజుకు ఒక కథ చదివి వినిపించుడు మొదలుపెట్టిన. అప్పుడు తెలిసింది, పిల్లలకు చదివి వినిపించాలంటే ముందు రాత్రి మనం మూడు సార్లు చదవాలె. ఎక్కడ ఆగాలె, ఎక్కడ గొంతు తగ్గించాలె, ఏ మాట తండా పిల్లకు అర్థం కాదు, దానికి లంబాడీలో ఏమంటరో ఎవరిని అడగాలె. ఇట్ల చదివితే పుస్తకం వేరేగ కనబడ్డది. ఏ ప్రశ్న వస్తదో అని కాదు, ముందట ఏమైతదో అని చదువుడు. ఏండ్ల కింద బతుకమ్మ సెలవులల్ల చందమామ చదివిన ఆ తీరు మళ్ల వచ్చింది. నెల తిరిగేసరికి ఆ పిల్ల, నేను కథ నడుమ ఆపితే, తర్వాత ఏమైంది సారూ అని అడుగుడు మొదలుపెట్టింది. ఆ ఒక్క ప్రశ్న వచ్చిందంటే పిల్లకు చదువు వచ్చినట్టే. మిగిలింది అలవాటు.

పిల్లల కథలతోని మొదలై నా చదువు వేరే పుస్తకాల దాక పోయింది. గుజరాత్‌ల గిజూభాయి బధేకా వకీలు. వకాలతు వదిలి 1916లో భావ్‌నగర్‌ల బడిపని పట్టిండు. ఆయన రాసిన ‘పగటి కల’లో ఒక పంతులు నాలుగో తరగతి తీసుకొని ఏడాదంత ప్రయోగం చేస్తడు. మొదలుపెట్టుడే కథలతోని. తోటి పంతుళ్లు సిలబస్ ఎప్పుడు చేస్తవని ఎకసెక్కాలాడుతరు. జపాన్ బడి కథ ‘రైలుబడి’ తెలుగులో ఉన్నది. పాత రైలు డబ్బాలే తరగతి గదులు. కొత్తగ వచ్చిన పిల్ల మాట్లాడుతుంటే హెడ్మాస్టరు గంటల తరబడి వింటడు. ఇవి ప్రతి డీఎడ్ కాలేజీల చదివించాల్సిన పుస్తకాలు. వీటి మీద బిట్లు రావు కాబట్టి ఎవరూ చదవరు.

అంత దూరం ఎందుకు, మన గడ్డ మీదనే చూద్దాం. మా మండలంలో నాగులపహాడ్ గుళ్లకాడ కాకతీయుల కాలం నాటి శాసనాలు ఉన్నయి. రాత మనకు కొత్త కాదు, చదివే హక్కే కొత్త. నిజాం కాలంలో బడి భాష ఉర్దూ. 1918లో పెట్టిన ఉస్మానియా యూనివర్సిటీ గూడ ఉర్దూదే. తెలుగు చదువుకునే జాగ బయట వెతుక్కోవాల్సి వచ్చింది. 1901లో హైదరాబాద్‌ల శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టిండ్రు. 1910ల చివరికి నల్లగొండల, సూర్యాపేటల గూడ తెలుగు గ్రంథాలయాలు లేచినయి. సభ పెట్టాలన్నా గస్తీ నిషాన్ 53 అడ్డం వచ్చే కాలం అది. పేపరు చదివి పదిమందికి వినిపించుడే రాజకీయం. 1941లో మన కోదాడ దగ్గరి చిలుకూరులో ఆంధ్ర మహాసభ జరిగిందంటే, ఊర్లల్ల అంతకుముందు ఇరవై ఏండ్ల చదువు ఉన్నది దాని వెనుక.

నకిరేకల్ దగ్గరి చెరువు మాదారంల పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామికి బడి చదువు పెద్దగ లేదు. చిన్నతనంల తండ్రి పోయిండు. ఒక పంతులు ఇంట్ల వంట చేసుకుంట చదువు నేర్చిండు. హోటల్‌ల సర్వర్‌గ పనిచేసిండు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు అచ్చేసి, భుజాన మోసుకొని గడపగడపకు అమ్మిండు. ఆనాడు వంట చేసే పిల్లగానికి చదువు రుచి చూపించిన ఆ పంతులు ట్రైనింగ్ సర్టిఫికెట్ ఎవరూ అడగలే. ఆయన ఇంట్ల చదువు ఉన్నది, అది పిల్లగానికి అంటుకున్నది. చదువు అంటురోగం లెక్క. ఉన్నోని నుంచే ఇంకొకనికి అంటుతది.

సర్కారు ఏమీ చెయ్యలేదని అనను. 2022 ఫిబ్రవరిలో వంద రోజుల చదువు పండుగ అని ‘రీడ్’ కార్యక్రమం పెట్టిండ్రు. అదే ఏడాది చదువుడు, రాసుడు, లెక్కల కోసం ‘తొలిమెట్టు’ తెచ్చిండ్రు. ఆలోచన మంచిదే. కానీ కార్యక్రమం అనంగనే ఫార్మాట్లు వస్తయి, డబ్బాలల్ల టిక్కులు వస్తయి, ఫోన్‌ల ఫొటోలు పోతయి. పంతులు పిల్లను చూసుడు బంద్ చేసి ఫార్మాటును చూస్తడు. వంద రోజులు అయినంక పెట్టెకు మళ్ల తాళం పడ్డదంటే ఆ పండుగ ఎవరి కోసం?

అడగాల్సినవి అడుగుదాం. డీఎడ్ రెండేండ్లల్ల ఛాత్రోపాధ్యాయుడు నెలకు ఒక పుస్తకమన్న పూర్తిగ చదవాలె, చదివినదాని మీద పదిమందిలో మాట్లాడాలె, దానికి మార్కులుండాలె. ఆ చదువు చెప్పించేటందుకు డైట్ కాలేజీలల్ల అధ్యాపకుల ఖాళీలు నింపాలె. బడిలో చినిగిన కథల పుస్తకానికి హెడ్మాస్టరును సంజాయిషీ అడుగుడు బంద్ కావాలె. చినిగిన పుస్తకం అంటే చదివిన పుస్తకం. చినగని పుస్తకానికే సంజాయిషీ అడగాలె. తండా పిల్లలకు మొదటి కథలు వాళ్ల ఇంటి భాషలో ఉండాలె. డీఎస్సీ ఏటేట రావాలె. అప్పుడే గైడ్ పక్కన పెట్టి పుస్తకం పట్టే ధైర్యం వస్తది.

ఇంకొకటి. 1960 గ్రంథాలయాల చట్టం కింద మనం కట్టే ఇంటిపన్నుల రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. ఊరి పేరు మీద వసూలైన ఆ పైసలు ఎక్కడికి పోయినయి, మన ఊరికి ఎన్ని పుస్తకాలై తిరిగొచ్చినయి అని గ్రామసభలో అడిగే హక్కు మనకున్నది. సూర్యాపేట జిల్లా అయి 2016 నుంచి ఇన్నేండ్లాయె. జిల్లా అంటే కలెక్టరాఫీసు ఒక్కటే కాదు. పెన్‌పహాడ్ మండలంల ప్రతి ఊర్ల సాయంత్రం రెండు గంటలు తెరిచి ఉండే ఒక గది, ఒక పేపరు, వంద పుస్తకాలు ఉండాలె. ఇది గొంతెమ్మ కోరిక కాదు, మనం కట్టిన పైసలే.

యూనివర్సిటీల్లో, కోచింగ్ సెంటర్లల్ల కూసున్న తమ్ముళ్లు, చెల్లెండ్లకు ఒక మాట. అందరూ చిన్నబడికి రావాలని చెప్పను. కానీ వచ్చేటోళ్లు కొలువు కోసం మాత్రమే రాకుండ్రి. ఆ ముప్పైమంది పిల్లలు మీ మొఖంలో మొదటిసారి పుస్తకాన్ని చూస్తరు. అక్కడ గైడ్ కనబడితే వాళ్లు గూడ ఇరవై ఏండ్లు గైడే చదువుతరు.