బొలోన్యా ఖీమా: మన ఇంటి పద్ధతిలో

 

విశాఖ బీచ్ రోడ్డు హోటళ్లలో ‘పాస్తా’ అన్న పేరు చూసిన పిల్లలు ఇంటికి వచ్చి అదే కావాలని అడుగుతున్నారు. వద్దనడం సులభం. ఎందుకు వద్దో వివరించి, అంతకంటే రుచిగా ఇంట్లో వండి పెట్టడం మేలు.

ఇటలీలోని బొలోన్యా నగరపు ఖీమా కూరను ‘రాగూ’ అంటారు. దాని వంట విధానాన్ని ఇటలీ వంటకాల అకాడమీ 1982లో ఆ నగర వాణిజ్య మండలి వద్ద నమోదు చేయించింది. పశుమాంసం, ఉల్లి, క్యారట్, సెలరీ, టమాటా, పాలు అందులోని ప్రధాన పదార్థాలు. ఇవన్నీ మనకు ధర్మసమ్మతమైనవే. అయితే వాటితోపాటు పాన్చెట్టా అనే పందిమాంసం, ద్రాక్ష సారాయి కూడా చేరతాయి. ఉడికితే సారాయి పూర్తిగా ఆవిరైపోతుందన్న మాట నిజం కాదు. చాలాసేపు ఉడికినా కొంత మిగిలే ఉంటుంది.

పైన చల్లే పార్మిజాన్ చీజ్ తయారీలో పాలను విరిచేందుకు దూడ కడుపు నుండి తీసిన పదార్థం వాడతారు. దీనిపై ధర్మవేత్తల అభిప్రాయాలు వేరువేరుగా ఉన్నాయి. మన దేశంలో ఆకుపచ్చ గుర్తుతో అమ్మే చీజ్ తీసుకుంటే ఆ సందేహమే ఉండదు. కానీ ఆ గుర్తు సారాయి లేదని చెప్పదు. కనుక సీసాలలో దొరికే సాస్ కొనేటప్పుడు దానిలోని పదార్థాల జాబితా తప్పక చదవండి.

మన రాష్ట్రంలో 1977 నాటి చట్టం గోవధను నిషేధిస్తుంది. కనుక ఈ వంటకు గేదె మాంసమే వాడాలి. లైసెన్సు ఉన్న హలాల్ దుకాణంలో మీ కళ్లెదుటే ఖీమా కొట్టించుకోండి. ముదురు గేదె మాంసం గట్టిగా ఉంటుంది. సన్నని సెగపై నిదానంగా ఉడికించే రాగూ పద్ధతి దానికి చక్కగా నప్పుతుంది.

కావలసినవి (ఆరుగురికి): ఖీమా అర కిలో, మాకరోనీ 400 గ్రాములు, ఉల్లిపాయలు 2, క్యారట్ 1, టమాటాలు అర కిలో, పాలు ఒక కప్పు, వెల్లుల్లి 4 రెబ్బలు, నూనె 3 పెద్ద చెంచాలు, మిరియాల పొడి, ఉప్పు, కొద్దిగా చీజ్. సెలరీ దొరకకపోతే కొత్తిమీర కాడలు చాలు.

తయారుచేసే విధానం: ఖీమాను జల్లెడలో కడిగి, నీరు పూర్తిగా పిండాలి. తడి ఉంటే అది వేగదు. నూనెలో సన్నగా తరిగిన ఉల్లి, వెల్లుల్లి, క్యారట్, కాడలు మెత్తబడే దాకా వేయించాలి. ఖీమా వేసి, గోధుమ రంగు వచ్చేవరకు కలుపుతూ వేయించాలి. పాలు పోసి, అవి ఇగిరిన తరువాత టమాటా గుజ్జు, ఉప్పు, మిరియాల పొడి చేర్చాలి. మూతపెట్టి, అవసరమైతే వేడినీళ్లు చిలకరిస్తూ గంటన్నర ఉడికించాలి. ఖీమాలో ఎక్కడా ఎరుపు మిగలకూడదు. విడిగా ఉడికించిన మాకరోనీలో దీనిని కలిపి, చీజ్ తురిమి చల్లాలి.

ఉక్కు కర్మాగారంలోనో, ఓడరేవులోనో షిఫ్టు ముగించుకొని ఇంటివారు ఆలస్యంగా వచ్చే ఇళ్లకు ఈ కూర మరీ అనుకూలం. ముందే వండి ఫ్రిజ్‌లో ఉంచి, వారు రాగానే బాగా వేడి చేసి, అప్పటికప్పుడు మాకరోనీ ఉడికించుకోవచ్చు. వీలైన రోజున అందరూ ఒకే దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చొని బిస్మిల్లాహ్ అని భుజించండి.

అల్లాహ్ మన ఆహారంలో బర్కత్ ప్రసాదించుగాక!