గ్రాంటు సొమ్ము, నల్లా నీళ్లు

కరీంనగరము 2017 జూన్ నెలలో స్మార్ట్ సిటీల జాబితాకెక్కెను. 2015లో మొదలైన యా పథకము 2025 మార్చి 31తో ముగిసినది. నియమము ప్రకారము కేంద్రము ఒక్కొక్క నగరమునకు 500 కోట్ల రూపాయల వఱకు ఇచ్చుటయు, రాష్ట్రము అంతే కలుపుటయు. ఆదిలాబాదు అమృత్ పథకమున చేరినది. అందు ముఖ్యము మంచినీరు, మురుగు పారుదల.

గ్రాంటనగా అప్పు కాదు. పుట్టింటివారు పసుపుకుంకుమల క్రింద నిచ్చిన పొలము వంటిది. ఇచ్చినవారు మరల నడుగరు; దున్నించు ఖర్చు మాత్రము మనదే. రోడ్లు, కాలువలు, తోటలు ఆ సొమ్ముతో లేచినను, పంపులకు విద్యుత్తు, కాలువలలో పూడిక తీయు కూలి, తోట కావలివాని జీతము ఏటేట ఇంటిపన్ను నుండియు, నల్లా బిల్లు నుండియు రావలసినవే. అవి చాలనినాడు మానేరు డ్యాము ఊరి చెంతనే యున్నను బిందె పట్టుకొని నిలుచునది మనమే గదా!

2019 నాటి తెలంగాణ పురపాలక చట్టము సభ్యస్థానములలో సగము స్త్రీలకిచ్చినది. బతుకమ్మనాడు మీ వార్డు సభ్యురాలు ఎదురైనచో, చీరల మాట తరువాత, మన వాడ కాలువ పూడికకు ఈ యేటి బడ్జెటులో ఎంత వ్రాసిరో యడుగుడు. ప్రక్కనున్న భర్తగారు బదులు చెప్పబోయిన, ఆమెనే చెప్పనిండు.