గేదె ఎద పట్టుకోకపోతే సూది దండగే

ఆడదూడలే పుట్టేలా వేరుచేసిన వీర్యం గురించి పాడి ఉన్న మన ఇళ్లలో చర్చ గట్టిగానే సాగుతోంది. 2024 అక్టోబరు 5న మహారాష్ట్రలోని వాషింలో ప్రధానమంత్రి దీని స్వదేశీ పరిజ్ఞానాన్ని ప్రారంభించారు. డోసుకు సుమారు 200 రూపాయలు తగ్గుతుందని ప్రభుత్వం చెప్పింది. 2025 మార్చిలో కేంద్ర మంత్రివర్గం రాష్ట్రీయ గోకుల్ మిషన్‌ను సవరించి మొత్తం కేటాయింపును 3,400 కోట్లకు పెంచింది. సంతోషమే. అయితే హొసూరు దగ్గరో, బళ్లారి దగ్గరో, పర్లాకిమిడి దగ్గరో రెండు గేదెలతో బతికే ఇంటికి ఈ డబ్బు అక్కరకు వస్తుందా అన్నది ఢిల్లీలో తేలదు. అది గేదె కడుపులోనూ, మన కొట్టంలోనూ తేలుతుంది.

గేదె (దక్షిణాన మనవాళ్లు ఎనుము అంటారు) గర్భకోశం చూడ్డానికి ఆవుదానిలాగే ఉంటుంది. మానం, యోని, గర్భాశయ ముఖద్వారం, గర్భసంచి, దానికి రెండు కొమ్ములు, చివర రెండు అండాశయాలు. కానీ గేదె అండాశయాలు ఆవువాటికంటే చిన్నవి, పుట్టుకతో వాటిలో ఉండే అండాల నిల్వ కూడా బాగా తక్కువ. ముఖద్వారంలో గట్టి మడతలుంటాయి, దారి ఇరుకు, వంకర. సూది వేసే మనిషి ఒక చేతిని పేడదారి గుండా లోపలికి పోనిచ్చి ఆ ద్వారాన్ని పైనుంచి పట్టుకోవాలి. రెండో చేత్తో సన్నని గొట్టాన్ని మడతలు దాటించి, గర్భసంచి మొదట్లో వీర్యం వదలాలి. ఎదలో ఉన్నప్పుడే ఆ దారి వదులవుతుంది. ఎద లేనప్పుడు బలవంతంగా పోనిస్తే లోపల గాయమై చీము పట్టవచ్చు. అసలు దీన్ని ‘సూది’ అనడమే మాకు నచ్చదు. జ్వరానికి వేసే సూదిలా ఎప్పుడైనా వేయించుకోవచ్చని జనం అనుకోవడానికి ఆ మాటా ఒక కారణం.

ఎద సుమారు 21 రోజులకోసారి వస్తుంది, ఇంచుమించు ఒక పూట నుంచి ఒక రోజు ఉంటుంది. గేదెలో అది తరచు మూగ ఎద. ఆవులాగా పక్కపశువు ఎక్కితే నిలబడటం తక్కువ. తీగలు వేలాడటమూ తక్కువే, పడుకున్నప్పుడు నేలమీద పడతాయి. మాటిమాటికీ మూత్రం పోయడం, పాలు సరిగా చేపకపోవడం, అరవడం, మానం కాస్త ఉబ్బడం, ఇవే గుర్తులు. తెల్లవారుజామున, పొద్దుగూకాక చూడాలి. వేసవిలో మరీ కనిపించదు, చలికాలంలో ఎక్కువగా బయటపడుతుంది. పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున వేయించాలని పాత లెక్క.

వేరుచేసిన వీర్యంతో నూటికి 90 దాకా ఆడదూడలే. కానీ మామూలు స్ట్రాలో 2 కోట్ల వీర్యకణాలు ఉంటే, ఇందులో సుమారు 20 లక్షలే. అంటే వేళ తప్పితే మామూలుదానికంటే ఇది ముందే విఫలమవుతుంది. ఖరీదైన సరుకు వచ్చేకొద్దీ ఎద గుర్తించే కన్ను ఇంకా విలువైనదవుతుంది. గేదె చూడి సుమారు 310 రోజులు, ఆవుది 280. ఏడాదికొక ఈత కావాలంటే ఈనాక చేతిలో ఉండేది 55 రోజులు. అందులో గర్భసంచి మామూలు స్థితికి రావడానికే నెలా నెలన్నర పోతుంది. ఒక్క ఎద తప్పితే లెక్క ఏడాది దాటుతుంది. ఆ 21 రోజుల మేత ఎవరిస్తారు? పథకాల ప్రకటనల్లో ఎన్ని డోసులు వేశారన్నదే ముందు కనిపిస్తుంది. ఎన్ని చూడి కట్టాయన్నది రైతుకు కావలసిన అంకె.

ఇక మన చిక్కు. కొట్టంలో పశువును చూసేది ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్లు, పెద్దవాళ్లు. వాళ్లకు ‘ఎద’ తెలుసు. పశువైద్యశాల కరపత్రంలో అది కన్నడంలో ‘బెదె’, తమిళంలో ‘సినైప్పరువం’, మరాఠీలో ‘మాజు’ అని ఉంటుంది. బజారు భాష నాలుగు తరాలుగా వచ్చినా, మానం, తీగలు, మాయ, ఉమ్మనీరు వంటి మాటలు మగ సిబ్బంది ముందు పరభాషలో చెప్పడానికి మన ఆడవాళ్లు వెనుకాడతారు. గేదెల్లో ఈత కష్టానికి ప్రధాన కారణం గర్భసంచి మెలిక పడటం. నొప్పులు మొదలై ఎంతసేపటికీ నీటితిత్తి బయటపడకపోతే గంటలు లెక్క. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది, కానీ అవతలివాళ్లకు అర్థమయ్యేలా చెప్పగలగాలి కదా.

ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు. జిల్లాలోనో దానికి దిగువ స్థాయిలోనో ఒక భాష మాట్లాడేవారు 15 శాతం ఉంటే ముఖ్యమైన ప్రకటనలు ఆ భాషలోనూ వేయాలన్నది భాషా అల్పసంఖ్యాకులకు ఎప్పుడో అంగీకరించిన రక్షణ. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం రాష్ట్రంలో వాడే ఏ భాషలోనైనా అర్జీ ఇవ్వవచ్చు. బడి, బోర్డు కోసం ఈ రక్షణలను అడుగుతూనే ఉన్నాం. పశువైద్యశాల గోడమీద తెలుగులో ఒక ఎద గుర్తుల పట్టిక, సూది చీటీలో రెండు తెలుగు వాక్యాలు అడగడం అంతకంటే చిన్న కోరిక. మీ తాలూకాలో తెలుగు జనాభా ఎంతో జనగణన పట్టికలో చూసి, ఆ అంకెను అర్జీ మొదటి వాక్యంలోనే పెట్టండి.

అర్జీ నమూనా సంఘం కార్యాలయంలో ఉంది. ఇప్పటికే సూది తప్పిన గేదెలుంటే, చెవి ట్యాగు మీది 12 అంకెలూ, సూది వేయించిన తేదీలూ రాసుకుని రండి, దానికి జతచేస్తాం.